ఎండ లెక్క తేలిస్తే...

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు పెద్దలు. మరి ఆ ఎండలో నిలబడిన మనిషి ఒంట్లోకి ఎంత వేడి చేరుతుంది? చిన్న లెక్కతో తేల్చొచ్చు.

ముందుగా ఒక సంగతి. పేపర్లో చూసే 42 డిగ్రీలు నీడలో కొలిచినవి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును గాలాడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంచుతారు. ఎండలో ఉన్నవాళ్లు భరించే వేడి దీనికి అదనం.

ఎంత అదనం? వేసవిలో మధ్యాహ్నం మూడు గంటల వేళ, మబ్బు లేకపోతే, సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 800 వాట్ల ఎండ నేరుగా పడుతుంది. నిలబడిన మనిషి దానికి అడ్డుపడేది దాదాపు 0.3 చదరపు మీటర్లు. అంటే 240 వాట్లు. అందులో మూడో వంతు వెనక్కి పోయినా 160 వాట్లు మిగులుతాయి. ఆకాశపు వెలుతురు, సిమెంటు నేల మీంచి ఎగదన్నే ఎండ కలిస్తే 200 దాటుతుంది. ఊరికే కూర్చున్నా మన ఒంట్లో పుట్టే వేడి 100 వాట్లు. ఎండలోకి వెళ్లడమంటే దానికి మరో రెండు వంద వాట్ల బల్బులు తోడైనట్టే!

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొస్తే, నిలబడ్డవాళ్లకు నేరుగా ఎండ తగిలేది తలకూ భుజాలకే. వంగి కలుపు తీసే కూలీకి మాత్రం వీపంతా ఎండలోనే.

ఆ వేడిని వదిలించేది చెమటే. లీటరు చెమట ఆవిరైతే 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఆ లెక్కన 200 వాట్ల ఎండ కోసమే గంటకు 300 మిల్లీలీటర్ల చెమట ఖర్చు. పని చేస్తుంటే ఇంకా ఎక్కువ. పైగా చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతతో కారిపోయే చెమట వృథా. కోస్తాలో తక్కువ డిగ్రీలకే సొమ్మసిల్లేది అందుకే.

2015 మేలో వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వడదెబ్బను తేలిగ్గా తీసుకోకూడదు. ఎండలో పనిచేసేవాళ్లు తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లుతూ విసరాలి. 108కి ఫోన్ చేయాలి.

గొడుగు, తలపాగా, వదులైన నూలు బట్టలు, దాహం వేయకముందే నీళ్లో మజ్జిగో... ఇవన్నీ పాత సలహాలే. వాటిలో నీడ ఒక్కటే ఆ రెండు బల్బుల్లో చాలా భాగాన్ని పైసా ఖర్చు లేకుండా ఆర్పేస్తుంది. మన ఇంటి ముందు ఆగిన కూరగాయల బండి అతనికీ కాసేపు ఆ నీడ దొరికేలా చూద్దాం.