ప్రకటన తెలుగులో... మరి రక్షణ ఏ భాషలో?

బోరిగుమ్మలో తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలకు మూడు భాషలు ఒకేసారి అలవడతాయి. ఇంట్లో తెలుగు, సంతలో దేశియా, ఆఫీసుల్లో ఒడియా. ఈ మూడింట్లో తెలుగును నిలుపుకోవడానికే పెద్దలు ఎక్కువ పాటుపడాల్సి వస్తోంది. ఉపాధ్యాయుల కోసం, పుస్తకాల కోసం ఒడిశాలోని తెలుగు బడులు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. ఏ వినతిపత్రమూ అక్కర్లేకుండా, చక్కటి తెలుగులో నేరుగా పిల్లల చేతిలోని ఫోన్‌కు చేరే సరుకు మాత్రం ఒకటుంది. అది డబ్బు పెట్టి ఆడే ఆటల ప్రకటన. ఆ ప్రకటనకు ఎలాంటి కట్టుబాట్లు ఉండాలన్నది ఢిల్లీ, హైదరాబాద్‌లకే పరిమితమైన చర్చ కాదు. కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు బడులకు అది మరింత దగ్గరి విషయం.

చట్టం ఒక పెద్ద అడుగే వేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బు పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి సంబంధించిన చెల్లింపులను నిషేధించింది. ప్రకటన ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆడినవారిని నేరస్తులుగా కాక బాధితులుగా చూడటం ఇందులోని మంచి గుణం. ఈ ఆటల వల్ల 45 కోట్ల మంది నష్టపోతున్నారని, ఆ నష్టం 20 వేల కోట్ల రూపాయలకు పైనేనని అప్పట్లో కేంద్రం అంచనాగా చెప్పింది. ఆ నెలలోనే భారత క్రికెట్ జట్టు చొక్కా మీది నుంచి డ్రీమ్11 పేరు తప్పుకుంది. కంపెనీలు కోర్టు మెట్లెక్కాయి.

ఇంతవరకు బాగానే ఉంది. తెలుగు పిల్లల విషయంలో మాత్రం ఒక చిక్కు ముందునుంచీ ఉంది. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఆ తర్వాత కూడా రమ్మీ, ఫాంటసీ క్రికెట్ ప్రకటనలు తెలుగులో వస్తూనే ఉన్నాయి. చివర్లో ఒక ముక్క వేగంగా చదివేవారు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులు ఆడటానికి వీల్లేదు. ఆ రెండు రాష్ట్రాలవారికి కాకపోతే, తెలుగులో చేసిన ఆ ప్రకటన ఎవరికోసం? సమాధానం బళ్లారిలో ఉంది, హోసూరులో ఉంది, బరంపురంలో ఉంది, బోరిగుమ్మలో ఉంది. ప్రకటన భాష వెంట ప్రయాణించి సరిహద్దు దాటింది. రక్షణ రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

ఒడిశాలో చట్టం లేదని కాదు. 1955 నాటి ఒరిస్సా జూద నివారణ చట్టం డబ్బు పందెంతో ఆడే ఆటను జూదంగానే లెక్కగడుతుంది. కానీ ఆ చట్టం పుట్టిన నాటికి జూదమంటే ఒక గది, ఒక చాప, నాలుగు పేకముక్కలు. పోలీసు తలుపు తడితే దొరికేది. ఇప్పుడు తలుపు లేదు. సంతలో కోడిపందెం పొద్దు వాలితే ముగుస్తుంది. కుమార పూర్ణిమ నాటి గవ్వలాట తెల్లారేసరికి సర్దేస్తారు. ఫోన్‌లోని పందేనికి పొద్దు వాలడం ఉండదు. కుర్రాడు ఆపేసినా, ఫలానా బోనస్ మీకోసం ఎదురుచూస్తోందంటూ మర్నాడు అదే పిలుస్తుంది.

బాధ్యతగల ప్రకటన ఎలా ఉండాలో తెలియక ఈ పరిస్థితి రాలేదు. ప్రకటనల రంగం తనకు తాను ఏర్పరచుకున్న సంస్థ ఆస్కీ 2020 డిసెంబరు 15 నుంచి అమలయ్యేలా కొన్ని ప్రమాణాలు పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని, అలా కనిపించేవారిని ఆడుతున్నట్టు చూపకూడదు. ఆటను ఆదాయ మార్గంగా, ఉద్యోగానికి బదులుగా చూపకూడదు. ఆడేవాడు మిగతావారికన్నా గొప్పవాడన్నట్టు చెప్పకూడదు. అచ్చు ప్రకటనలో ఐదో వంతు స్థలం హెచ్చరికకే కేటాయించాలి. టీవీలో, రేడియోలో ఆ హెచ్చరికను మామూలు వేగంతో, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే వినిపించాలి. మంచి కొలతలే. లోపం కొలతల్లో లేదు, కొలిచే చేతిలో ఉంది. ఆస్కీ స్వీయ నియంత్రణ సంస్థ, జైలుకు పంపే అధికారం దానికి లేదు. పైగా సందడంతా టీవీ నుంచి రీల్స్‌కు, యూట్యూబ్‌కు, టెలిగ్రామ్ గ్రూపులకు మారింది. అక్కడ ప్రకటన ప్రకటనలా ఉండదు. మనకు ఇష్టమైన అన్నయ్య తన కొత్త బైక్ చూపిస్తూ చెప్పే కబురులా ఉంటుంది.

తెలుగు లోకానికి ఇది 2025 మార్చిలో బాగా తెలిసొచ్చింది. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై మియాపూర్ పోలీసులు సినీ నటులు, సోషల్ మీడియా ప్రముఖులు కలిపి 25 మందిపై కేసు పెట్టారు. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ వి.సి.సజ్జనార్ నడిపిన ప్రచారం ఆ చర్చను ఇంటింటికీ చేర్చింది. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. మనం గమనించాల్సింది వేరు. ఆ ముఖాలు బోరిగుమ్మ పిల్లలకూ తెలిసిన ముఖాలే. ఇక్కడి తెలుగు పిల్లవాడికి తన భాషలో సినిమా హీరో ఉన్నాడు, యూట్యూబర్ ఉన్నాడు. తన భాషలో ఫిర్యాదు తీసుకునే అధికారి లేడు.

ఈ మాటకు ఎదురు వాదన ఉంది. రమ్మీ నైపుణ్యపు ఆటని సుప్రీంకోర్టే చెప్పింది కదా, పెద్దవాళ్లు తమ డబ్బుతో ఏం చేసుకుంటే ఎవరికేం అంటారు. నిజమే, 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనని కోర్టు అంది. అయితే అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. పందెం ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే నేరం కావచ్చని హెచ్చరించింది. కంపెనీలు మొదటి సగాన్నే చెప్పాయి. ఇక పెద్దల ఇష్టం అంటారా, దాన్ని గౌరవించవచ్చు. కానీ ఫోన్ ఇంటికొకటే ఉన్నచోట, పగలు పాఠానికి, రాత్రి క్రికెట్‌కు అదే తెర అయినచోట, పెద్దలకు మాత్రమే చేరే ప్రకటన అనేది మాట వరసకే.

జూదం చట్టబద్ధమైన దేశాలు సైతం ప్రకటనను వదిలేయలేదు. ఇటలీ 2018లో జూదం ప్రకటనలపై నిషేధం తెచ్చింది. స్పెయిన్ 2020లో టీవీ, రేడియో ప్రకటనలను అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి ఐదింటి వరకే కుదించింది. బ్రిటన్‌లో 2022 అక్టోబరు నుంచి పిల్లలను గట్టిగా ఆకర్షించే అగ్రశ్రేణి ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇలాంటి ప్రకటనల్లో వాడకూడదు. ఆట ఉండవచ్చునన్నవాళ్లే ప్రకటనకు అంత జాగ్రత్త పడితే, ఆటనే నిషేధించిన మనం ఎంత జాగ్రత్త పడాలి?

నిషేధంతో పని అయిపోలేదు. పేరున్న కంపెనీల ప్రకటనలు తగ్గినా, విదేశాల నుంచి నడిచే సైట్లు మారుపేర్లతో వస్తున్నాయి. వార్తల సైట్ వేషంలో వచ్చే బెట్టింగ్ ప్రకటనల గురించి సమాచార ప్రసార శాఖ 2022 అక్టోబరులోనే హెచ్చరించింది. స్నేహితుణ్ని చేర్పిస్తే బోనస్ అనే ఎర వేసి పిల్లవాణ్నే ప్రచారకుణ్ని చేస్తారు. కొద్ది రోజులు బ్యాంకు ఖాతా అద్దెకిస్తే కమీషన్ అంటూ ఆశ చూపుతారు. స్కాలర్‌షిప్ పడే ఖాతా ఆ వలలో చిక్కితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, కుర్రాడి మెడకు సైబర్ నేరం చుట్టుకుంటుంది.

అందుకే బడి పాత్ర పెద్దది. నీతిబోధతో పిల్లలు వినరు, లెక్కతో వింటారు. పది మంది తలా వంద రూపాయలు వేశారనుకుందాం. కుప్ప 1,000. ఆట నడిపేవాడు నూటికి 15 తీసుకుంటే మిగిలేది 850. అదంతా మళ్లీ పందెంలో పెడితే 722 రూపాయల 50 పైసలు. అయిదో ఆట ముగిసేసరికి మిగిలేది సుమారు 444. ఆ పది మందిలో ఎవరు గెలిచినా సరే, వాళ్లు తెచ్చిన వెయ్యిలో సగానికి పైగా అసలు ఆడనివాడి జేబులోకి వెళ్లింది. ఎనిమిదో తరగతి శాతాల పాఠానికి ఇంతకన్నా పనికొచ్చే ఉదాహరణ ఉండదు. తెలుగు వాచకం చెప్పేవారు ఒక ప్రకటన తెచ్చి, అందులో ఏం చెప్పారు, ఏం దాచారు అని పిల్లలచేత రాయించవచ్చు. భాష నేర్చుకోవడమంటే ఆ భాషలో మోసాన్ని పట్టుకోవడం నేర్చుకోవడం కూడా.

ఇక పెద్దలు చేయాల్సినవి. జిల్లా యంత్రాంగం ఆన్‌లైన్ పందేల గురించి ఇచ్చే హెచ్చరికలు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. జనాభాలో అల్పసంఖ్యాక భాషవారు 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలోనూ వెలువడాలని 1956లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన రక్షణల పత్రం చెబుతోంది. పిల్లల క్షేమం విషయంలో ఆ శాతాల కోసం ఆగనక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, సైబర్ నేరాల 1930, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లను ప్రతి తెలుగు బడి గోడ మీద తెలుగు అక్షరాల్లో రాయాలి. ఊరి క్రికెట్ టోర్నమెంట్లకు, పండగ ఫ్లెక్సీలకు బెట్టింగ్ పేర్ల నుంచి చందా తీసుకోబోమని నిర్వాహకులు ముందే ప్రకటించాలి. పత్రికలకు, చానళ్లకు, నటులకు కొలత ఒక్కటే: సరిహద్దుకు ఆ పక్కన అమ్మకూడని సరుకును ఈ పక్కనున్న పిల్లలకు తమ భాషలో అమ్మకూడదు.

1936కు ముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. సరిహద్దు మారినా తెలుగు ఇక్కడ నిలిచింది. అమ్మకానికి ఆ భాష పనికొచ్చినప్పుడు కాపాడటానికీ పనికిరావాలి. కోరాపుట్, రాయగడ తెలుగు బడుల పాఠశాల నిర్వహణ కమిటీలు వచ్చే సమావేశంలోనే ఈ విషయాన్ని మొదటి అంశంగా పెట్టుకోవాలి.