తూకానికి వేసే ముందు పెట్టె తెరిచి చూడండి

పోస్టు పొడుగ్గానే ఉంటుంది. చాయ్ పక్కన పెట్టుకుని చదవండి, మొత్తం చదివాకే తిట్టండి.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఆరో అంశం చూశారా? "స్టోర్ రూములోని నిరుపయోగ సామాను తొలగించి కొత్త సౌండ్ సిస్టమ్ కొనుట." రెండు పనులు ఒకే వాక్యంలో కట్టేశారు. కొత్త సిస్టమ్ సంబరంలో మొదటి సగం ఎవరూ అడగకుండానే పాసైపోతుంది. అందుకే ముందే అడుగుతున్నాను: ఆ నిరుపయోగ సామాను ఏమిటో కమిటీలో ఎంతమంది చూశారు?

నేను చూశాను. రెండు హార్మోనియంలు, అందులో ఒకటి నాటకాల కాలం నాటి కాళ్ళ హార్మోనియం. ఒక వాల్వుల యాంప్లిఫయర్. రెండు లౌడ్‌స్పీకర్ గొట్టాలు. తోలు వదులైన ఢోలక్. ఒక క్యాసెట్ డెక్కు. బిస్కెట్ల డబ్బాలో అరవై దాకా క్యాసెట్లు. వీటన్నిటికీ కలిపి భంగార్‌వాలా ఇచ్చేది మన సమావేశంలో ఒక పూట ఉప్మా ఖర్చు.

నన్ను గ్రూపులో "భంగార్ మాస్టర్" అంటారని తెలుసు. పాత రేడియోలు, పగిలిన పేటీలు, పలకని తంబూరాలు ఇంటికి తెచ్చుకుని బాగుచేసుకునే పిచ్చి నాకుంది, కాదనను. కానీ ఆ పిచ్చి వల్ల ఒకటి తెలిసింది. "చెడిపోయింది" అని మనం పారేసేవాటిలో చాలావాటిని ఎవరూ విప్పి చూడలేదు, అంతే.

హార్మోనియం సంగతే తీసుకోండి. ఒక మెట్టు పలకకపోతే "పోయింది" అంటాం. లోపల ఉన్నది ఇత్తడి నాలుక, గాలి తగిలితే కంపించాలి. దాని సందులో చిన్న దుమ్ము రేణువు ఇరుక్కున్నా స్వరం ఆగిపోతుంది. మెత్తటి బ్రష్షుతో తీస్తే పలుకుతుంది. శ్రుతి దిగితే నాలుక కొసన కాస్త గీకాలి, పెరిగితే మొదట్లో గీకాలి. బెల్లోస్ గాలి వదిలేస్తుంటే సన్నతోలు, జిగురు చాలు. ఆ పెట్టె చేసినవాడు ఇది ఒకరోజు విప్పాల్సి వస్తుందని తెలిసే మరలు బిగించాడు. మీరు కొనబోయే ప్లాస్టిక్ డబ్బాలను చాలావాటిని జిగురుతో అతికించి పంపుతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" పేరుతో పోర్టలే పెట్టాల్సి వచ్చిందంటే, కొన్న వస్తువును బాగుచేయించుకోవడం ఎంత కష్టమైందో ఆలోచించండి.

"ఈ డొక్కు పెట్టె ఎవరికి కావాలి" అన్న మాట కొత్తది కాదు. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని గెంటేసింది. ఠాగూరు అంతటివారు కూడా వద్దన్నారు. 1971లో గానీ ఆ ఆంక్ష సడలలేదు. ముప్పై ఏళ్ళు రేడియో గడప తొక్కనివ్వకపోయినా ఆ పెట్టె చచ్చిందా? ఇటు మరాఠీ సంగీత నాటకాల్లో, అటు మన సురభి నాటకాల్లో, పద్యనాటకాల్లో, ఊరూరా భజనల్లో పలుకుతూనే ఉంది. ఢిల్లీ కాదన్నా బతికిన వాద్యాన్ని మన స్టోర్ రూము తాళం చంపకూడదు.

ఇంకో ఉదాహరణ మన ఊరికి దగ్గరిది. హజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తులలో ఒకటి. అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్ 2022లో ఒక మాట చెప్పింది: స్వర్ణదేవాలయ కీర్తనలో హార్మోనియంను మూడేళ్ళలో క్రమంగా తగ్గించి, రబాబ్, సరందా, తావూస్ లాంటి తంత్రీ వాద్యాలను మళ్ళీ తేవాలని. ఆ నిర్ణయం వారి విషయం, మనం తీర్పు చెప్పేది కాదు. నాకు కనబడేది ఒకటే. ఒక వాద్యాన్ని పక్కన పెట్టడం సులువు. వెనక్కి తేవాలంటే వాయించేవాళ్ళు, నేర్పేవాళ్ళు, చేసేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు అందరూ మళ్ళీ పుట్టుకురావాలి. అంత పెద్ద వ్యవస్థకే ఏళ్ళు పడుతుంటే, చందాలతో నడిచే మన సంఘం ఏపాటిది?

మన జిల్లాలోనే ఉన్న కిన్‌వట్ వైపు చూడండి. 1956 దాకా అది ఆదిలాబాద్ జిల్లా. అక్కడి గోండుల పురాణ కథలు పాడేది ప్రధాన్‌లు, చేతిలో కమానుతో వాయించే మూడు తీగల కిక్రి. వాళ్ళ వంశ చరిత్ర, దేవుళ్ళ కథలు కాగితం మీద కాదు, ఆ గొంతులోనూ ఆ తీగల్లోనూ ఉన్నాయి. కిక్రి విరిగితే ఏ షాపులోనూ దొరకదు. మూలన పడిందంటే కథ కూడా మూలన పడినట్టే.

మనకు మాత్రం వేరే గతి ఉందా? 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. అంతవరకు మన జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, బాసర సరస్వతమ్మ గుడితో సహా ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. మనం ఇటు ఉండిపోయాం. తప్పేమీ లేదు, మహారాష్ట్ర మనకు అన్నం పెట్టింది. కానీ మన పిల్లలు చదివేది మరాఠీలో, ఇంగ్లీషులో. ఈ పోస్టు కూడా మీ ఇంట్లో సగం మంది పిల్లలకు మీరు చదివి వినిపించాలి. అదే పిల్లలు శనివారం భజనలో కూర్చుంటే తెలుగులో తప్పు లేకుండా పాడతారు. అక్షరం రాకపోయినా పాట వచ్చింది. ఇవాళ నాందేడ్‌లో మన తెలుగు బడి ఏదైనా ఉందంటే అది ఆ హార్మోనియం చుట్టూ పరిచిన చాపే.

ఇక క్యాసెట్లు. అందులో సినిమా పాటలు ఉన్నాయనుకుంటున్నారు. లేబుళ్ళు చదవండి. మన హాల్లో రికార్డు చేసిన భజనలు, హరికథలు, మన అమ్మమ్మలు గుండ్రంగా తిరుగుతూ పాడిన బతుకమ్మ పాటలు. ఆ గొంతుల్లో ఇవాళ ఎన్ని మిగిలాయో మీకే తెలుసు. అవి యూట్యూబులో లేవు. ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేవు.

కుర్రాళ్ళ వాదన కూడా న్యాయంగా చెబుతాను. బరువైన సామాను, ఎవరూ వాయించడం లేదు, స్థలం దండగ, గణేశ్ ఉత్సవానికి సౌండ్ కావాలి. కావాలి, నేనూ ఒప్పుకుంటా. మంచి మైకులు, రెండు స్పీకర్లు కొనండి, నేను కూడా చందా ఇస్తా. కానీ కొటేషన్లో ఉన్నది గోడలు అదిరే డీజే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళ మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరే కూడదు, పండగలకు ప్రభుత్వం సడలించే కొద్ది రోజులు తప్ప. ఏడాదంతా దుప్పటి కప్పి ఉంచే యంత్రం కోసం వారం వారం పలకగల పెట్టెను అమ్ముతామా? పైగా చప్పట్ల మీద నడిచే బతుకమ్మ పాటకు ఆ బాస్ ఎందుకమ్మా, అక్కలారా, మీరే చెప్పండి.

"నీ కలెక్షన్ కోసమే అడ్డుపడుతున్నావు" అని ఒకరు ప్రైవేటుగా రాశారు. జవాబు అందరి ముందే ఇస్తున్నా. నాకు ఒక్క రీడు కూడా వద్దు. ఫొటోలతో జాబితా రాయండి, సంఘం రిజిస్టర్లో ఎక్కించండి, తాళం కార్యదర్శి దగ్గరే ఉండనీయండి. నా చేతి పని ఉచితం, సామానుకు అయ్యే ఖర్చు రసీదులతో చూపిస్తా.

నేను అడిగేవి నాలుగు.

ఒకటి, ఆరో అంశాన్ని రెండుగా విడగొట్టి ఓటు పెట్టండి.

రెండు, ఏ వస్తువు బయటికి పోవాలన్నా ముందు క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కాలి. దయచేసి ఉత్సాహం కొద్దీ ఎవరూ డెక్కులో పెట్టి తిప్పకండి. లోపలి రబ్బరు బెల్టు కరిగి ఉంటే, టేపుకు బూజు పట్టి ఉంటే అదే చివరిసారి అవుతుంది.

మూడు, యాంప్లిఫయర్‌ను ఎవరూ ప్లగ్గులో పెట్టి చూడకండి. స్విచ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. తెలిసిన చెయ్యే విప్పాలి.

నాలుగు, నెలకు రెండు ఆదివారాలు హాలు తెరవండి. పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్చుకుంటారు. నిజంగా బాగుకాని వస్తువు తేలితే తూకానికి నేనే మోసుకెళ్తా.

కొత్తది కొనడానికి డబ్బు మళ్ళీ వస్తుంది. ఆ అరవై క్యాసెట్లలోని గొంతులు మళ్ళీ రావు. ఆదివారం అందరూ రండి, ఇంట్లో పెద్దవాళ్ళను తప్పకుండా తీసుకురండి. చెయ్యెత్తే ముందు స్టోర్ రూము తాళం తీయించి, ఆ పెట్టె మెట్టు ఒకటి నొక్కి చూడండి. తర్వాత మీ ఇష్టం.