పాతబండ్ల గతి

మన గ్రామములలో ననేక గృహములయందు వసారాలోనో పశువులపాక మూలనో గోనెపట్టా కప్పుకొని యొక బుల్లెట్టు మోటారు సైకిలు నిలిచియుండును. తండ్రిగారు పొలమునకును కచ్చేరికిని ఎక్కి తిరిగిన బండి యది. కుమారుడు క్రొత్తబండి కొన్నపిమ్మట దానిని కదల్చినవారు లేరు. పాతయినుము వర్తకునకు తూచి యిచ్చుటకు మనసొప్పదు. బాగుచేయించుటకు తీరిక చిక్కదు. ఇట్లుండగా, 20 యేండ్లు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను పొడిగించుటకు రుసుమును కేంద్రప్రభుత్వము 2025 ఆగస్టులో 2000 రూపాయలు చేసినది. ఇక దీనిని వదలించుకొందుమా యని కొందరు మిత్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. తొందరపడవలదని మా మనవి.

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్ఫీల్డు కంపెనీయు, మద్రాసు మోటార్సువారును కలిసి 1955లో ఎన్ఫీల్డు ఇండియా కంపెనీని స్థాపించిరి. తొలుత విడిభాగములు ఓడపై వచ్చెడివి. వానిని మద్రాసున కూర్చెడివారు. క్రమముగా నన్నియు నిచ్చటనే తయారగుట యలవడినది. ఇంగ్లండున మాతృసంస్థ 1970 నాటికి మూతపడినది; దత్తపుత్రుడు మాత్రము నిలిచినాడు. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు, ఇంజను 346 సీసీలు. ఈ కొలతలు 2010 ప్రాంతమువరకును మారలేదు. ఆ మార్పులేమిని పలువురు హేళన చేసిరి. తండ్రి బండికి కావలసిన పిస్టనో క్లచ్చి ప్లేటో నేటికిని బజారులో దొరకుట యా మార్పులేమి చలువయే యని వారెరుగరు.

బండిని చెరచునది వాడుక కాదు, నిలుపుదల. నిలిచిన పెట్రోలు జిగురై కార్బ్యురేటరులోని సన్నని జెట్టులను పూడ్చును, బ్యాటరీ చచ్చును, టైర్లు పగుళ్లు వారును. ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చుకొను ద్రవ్యము. పాత రబ్బరు గొట్టములను, వాషర్లను చెరచును. కాన నెలల తరబడి నిలుపదలచినవారు ట్యాంకును, కార్బ్యురేటరును వట్టిచేసి, త్రుప్పు పట్టకుండ ట్యాంకులోపల కొంచెము నూనె త్రిప్పి యుంచవలెను. వాడుకలోనున్న బండికి పని యంతగా లేదు. పాయింట్ల యెడము 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్లలోపల నుండవలెను. ఇంజను చల్లగానున్నపుడు పుష్‌రాడ్లు వ్రేళ్లతో త్రిప్పిన తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు.

స్టార్టు చేయుట యొక విద్య. తాళము త్రిప్పి కిక్కును మెల్లగా నదిమినచో నొకచోట ఆమీటరు ముల్లు మధ్యకు వచ్చును. అప్పుడు డీకంప్రెషరు మీటను నొక్కి పిస్టనును శిఖరము నించుక దాటించి, మీటను విడిచి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, శరీరభారమంతయు నుంచి యొక్క తన్ను! క్రమము తప్పినవానిని బండియే తిరిగి తన్నును. ఇంకొక హెచ్చరిక. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి నుండును. క్రొత్తవాడు ఆపదలో బ్రేకనుకొని గేరును తొక్కును. ముంగిట అభ్యసింపక రాజమార్గమున కెక్కరాదు.

చెవితో వినియే ట్యాపెట్టు దోషమును చెప్పగల మేస్త్రీలు ముసలివారగుచున్నారు. వారి శిష్యులు కంప్యూటరు తగిలించి చూచు క్రొత్తబండ్ల పనికి పోవుచున్నారు. మేము వారిని నిందింపము. కూలి యక్కడనే యున్నది. బండిగలవారు బేరమాడుట మాని, ఆదివారము పూట మేస్త్రీ ప్రక్కన కూర్చుండి చేతికి మసి యంటించుకొన్నచో ఆ విద్య మరియొక తరము నిలుచును.

ఇక ప్రభుత్వమువారి సంగతి. చట్టము స్వంతబండికి 15 యేండ్లవరకు రిజిస్ట్రేషను నిచ్చి, పిదప 5 యేండ్లకొకసారి పరీక్షించి పొడిగించును. 50 యేండ్లు దాటి, రూపము మారని బండి 2021 నిబంధనల ప్రకారము వింటేజి తరగతికి చేరవచ్చును. క్రొత్తగా నమోదుకు 20000 రూపాయలు, నిత్యవ్యవహారమునకు మాత్రము నడుపరాదు! అనగా నది బొమ్మలకొలువునకు. నడిమి 35 యేండ్లును బండి ముదిమి యను నేరమునకు శిక్ష ననుభవించుచుండవలెను. మేము రుసుమును కాదనము. పాత ఇంజను పొగ క్రొత్తదానికన్న హెచ్చనియు నొప్పుకొనుచున్నాము. పొగ గ్రక్కు బండిని వీథినుండి తొలగించిన మే మడ్డుపడము. సైలెన్సరు పెరికి ఊరిని హడలగొట్టువారిని దండించినచో సంతసింతుము. కాని 2000 మార్చి 31 వరకు తయారైన మోటారు సైకిలు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 4.5 పాళ్లు మించరాదని నిబంధన యున్నది గదా! బండిని చూడకయే చీటీ వ్రాయుట మాని, ఆ కొలతను నిజాయితీగా పట్టి, నెగ్గినదానికి రుసుము తగ్గించి, నెగ్గనిదానిని త్రిప్పిపంపుట న్యాయము. పుట్టినతేదీని చూచి తీర్పు చెప్పుటకు అధికారు లేల?

అట్టి మార్పు వచ్చువరకు చదువరులు జాగరూకులై యుండవలెను. రిజిస్ట్రేషను గడువు దాటినచో నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము పెరుగుచుండును. పాకలో కదలక నిలిచిన బండికి ఏడాదికి 3600 రూపాయలు! గోనెపట్టా తీయుటకు పూర్వమే పెట్టెలోని కాగితమును తీసి తేదీ చూచుకొనుడు.