వయసు మీద నెట్టేయొద్దు

ఇంట్లో పెద్దాయన రాత్రిపూట నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కు లేస్తుంటారు. వెళ్లినా చాలాసేపు నిలబడాల్సిందే. ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. అడిగితే ‘వయసు మీద పడింది కదా’ అంటారు. మనమూ సరేననుకుంటాం. ఇలా సరిపెట్టుకోవటమే ఒక్కోసారి కిడ్నీల మీదికి తెస్తుంది.

యాభై దాటిన మగవారిలో ప్రొస్టేట్ గ్రంథి పెరగటం మామూలే. చాలామందిలో ఇది క్యాన్సర్ కాదు. కానీ ఈ గ్రంథి మూత్రాశయానికి కింద, మూత్రమార్గం చుట్టూ ఉంటుంది. అది ఉబ్బితే దారి ఇరుకవుతుంది. దాంతో మూత్రాశయం మరింత గట్టిగా నెట్టాల్సి వస్తుంది. మొదట్లో దాని కండరం మందమవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అలసి, సాగిపోతుంది. లోపల మూత్రం మిగిలిపోతూ ఇన్‌ఫెక్షన్లకు, రాళ్లకు దారితీస్తుంది.

మూత్రాశయంలో ఒత్తిడి పెరిగితే కిడ్నీల నుంచి మూత్రం కిందికి దిగటం కష్టమై, అవి ఉబ్బుతాయి. స్కానింగ్ రిపోర్టుల్లో ‘హైడ్రోనెఫ్రోసిస్’ అని రాసేది ఈ ఉబ్బునే. అడ్డు త్వరగా తొలగితే కిడ్నీలు చాలావరకు కోలుకుంటాయి. ఆలస్యమైతే జరిగిన నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

చిక్కేమిటంటే, నెమ్మదిగా వచ్చే అడ్డంకికి నొప్పి ఉండకపోవచ్చు. మామూలుగా అరలీటరు మూత్రం చేరేసరికే ఆపుకోలేం. కానీ సాగిపోయిన మూత్రాశయంలో లీటరుకు పైగా నిలిచినా తెలియకపోవచ్చు. నిండిన కుండ పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా కారుతుంది, నిద్రలో పక్క తడుస్తుంది. ఇంట్లోవాళ్లు పట్టు తప్పిందనుకుని డైపర్లు కొంటారు. ముందు కావాల్సింది డైపర్ కాదు, పరీక్ష.

ఆ పరీక్షలు కూడా పెద్దవేం కావు. మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, షుగర్, మూత్రానికి వెళ్లకముందూ వెళ్లొచ్చాకా అల్ట్రాసౌండ్. లోపల ఎంత మిగిలిందో దాంతో తెలిసిపోతుంది. క్రియాటినిన్ మామూలుగా ఉందని అడ్డంకి లేదనుకోవద్దు. చాలామందికి మాత్రలతోనే ఉపశమనం దొరుకుతుంది. అవసరమైతే పొట్ట కోయకుండా మూత్రమార్గం నుంచే ఆపరేషన్ చేస్తారు.

రాత్రి లేవాల్సి వస్తుందని రోజంతా నీళ్లు మానేయటం సరికాదు. పడుకునే ముందు కాస్త తగ్గిస్తే చాలు. కొన్ని జలుబు మందులు ఇలాంటివారికి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయేలా చేస్తాయి, కాబట్టి డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. మూత్రం బొత్తిగా ఆగి పొత్తికడుపు నొప్పెడుతున్నా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బీపీ ఎంతుంది, షుగర్ ఎంతుంది అని పెద్దవాళ్లను అడుగుతూనే ఉంటాం. ‘నాన్నా, మూత్రం సాఫీగా వస్తోందా?’ అని మాత్రం మొహమాటంతో అడగం. వాళ్లూ సిగ్గుతో చెప్పరు. ఈ ఆదివారం ఆ ఒక్క మాటా అడిగి చూడండి.