తెరపై గుండె... కొలువెవరికి?
మందుల్ని మనుషులకిచ్చే ముందు జంతువులపై పరీక్షించి తీరాలన్న నిబంధనను అమెరికా 2022 చివర్లో సడలించింది. కంప్యూటర్ మోడళ్లనూ ఆధారంగా చూపొచ్చంది. 2023లో మనదేశమూ నిబంధనలను ఆ దిశగానే సవరించింది. దసో సిస్టమ్స్ 2014లో మొదలుపెట్టిన ‘లివింగ్ హార్ట్’ ప్రాజెక్టులో గుండె కండరం, విద్యుత్ ప్రసారం అన్నీ సమీకరణాలే! పేస్‌మేకర్ తీగ ఎలా పనిచేస్తుందో తెరపైనే చూడొచ్చు.

ఇదంతా డాక్టర్ల పని అనుకుంటున్నారా? ఆ లెక్కలు తేల్చే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మెకానికల్ వాళ్లు పరీక్ష రాసి మరిచిపోయేదే. బీఫార్మసీ వాళ్లకైతే ఒంట్లో మందు కదలికల మోడలింగ్ ఉంది. సాఫ్ట్‌వేర్ బటన్లు నొక్కడం నేర్పే మూణ్నెల్ల కోర్సుకు ఫీజు కట్టే ముందు కాస్త ఆగండి. మోడల్ జవాబు వాస్తవంతో సరిపోలిందని నిరూపించడమే అసలు పని. వైద్య పరికరాలపై ఎఫ్‌డీఏ 2023 మార్గదర్శకాలు అడిగేదీ అదే. ఫైనలియర్ ప్రాజెక్టులో ఒక ఎముకను మోడల్ చేసి, ప్రచురితమైన ప్రయోగ ఫలితాలతో పోల్చండి. తేడా ఎంతొచ్చిందో, ఎందుకొచ్చిందో రెజ్యూమెలో రాయండి.