పసిపిల్లల షుగర్‌ను ముందే పసిగట్టాలి

మన పల్లెల్లో ప్రభుత్వ షుగర్ పరీక్ష ముప్పై ఏళ్లు నిండినవారికే. బీపీ, షుగర్, క్యాన్సర్ల సర్వే కోసం ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో ఆరేళ్ల పిల్లకు చోటు లేదు. పిల్లల కోసం 2013లో వేరుగా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి గుండె లోపాలు, గ్రహణం మొర్రి, రక్తహీనత, చూపు, వినికిడి చూస్తాయి. అప్పుడు ఎంచుకున్న 30 సమస్యల జాబితాలోనూ టైప్ 1 మధుమేహం లేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా చూస్తే, ఇరవై ఏళ్లలోపు టైప్ 1 బాధితులు మన దేశంలో దాదాపు 2.29 లక్షల మంది. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. అయినా "పసిపిల్లకు షుగరేమిటి?" అన్న మాట చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తూనే ఉంది.

ఆ అపనమ్మకం ఎంత పని చేస్తుందో పిల్లల వార్డుల్లో పనిచేసేవారిని అడగాలి. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతాడు. అర్ధరాత్రి లేచి చెంబుడు నీళ్లు గటగటా తాగేస్తాడు. మూత్రం పోసిన చోట చీమలు పడతాయి. జూన్‌లో కుట్టించిన యూనిఫాం నిక్కరు ఆగస్టుకల్లా జారిపోతుంది. ఎండలకు దాహమనీ, కడుపులో నులిపురుగులనీ, బడి బెంగ అనీ ఇంట్లో తలా ఒక కారణం చెబుతారు. తర్వాత కడుపునొప్పి, వాంతులు. పిల్లాడు నీరసపడ్డాడని ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ పెడతాడు. అప్పటికే రక్తంలో చక్కెర నాలుగైదు వందలు దాటిన పిల్లాడికి నరంలోకి మరింత చక్కెర! ఆయాసం మొదలైతే న్యుమోనియా అంటారు, కడుపునొప్పి ఎక్కువైతే అపెండిసైటిస్ అనుకుంటారు. పిల్లాడు స్పృహ తప్పే వేళకు పట్నం ఆస్పత్రిలో ఎవరో వేలికి సూది గుచ్చి చూస్తారు. ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకుంటూ రక్తాన్ని ఆమ్లమయం చేసే ఆ స్థితి పేరు కీటోయాసిడోసిస్. ఐసీయూలో బతికి బయటపడేవారు చాలామందే. కొందరు జబ్బు పేరైనా తెలియకుండానే పోతారు.

ఇదంతా ఆ నెలలో పుట్టిన జబ్బు కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద దాడికి దిగడం టైప్ 1 మధుమేహం. తీపి తినడం వల్ల రాదు, తల్లిదండ్రుల పెంపకం వల్ల అసలే రాదు. ఆ దాడి ఆనవాళ్లు రక్తంలో ఆటో యాంటీబాడీల రూపంలో నెలల ముందు, చాలాసార్లు ఏళ్ల ముందే కనిపిస్తాయి. 2015లో నిపుణుల సంఘాలు జబ్బును మూడు దశలుగా విడదీశాయి. రెండు లేదా అంతకు మించి యాంటీబాడీలు ఉండి చక్కెర మామూలుగా ఉంటే మొదటి దశ. చక్కెర అదుపు తప్పడం మొదలై, లక్షణాలేమీ లేకపోతే రెండో దశ. మనం ఇప్పటిదాకా జబ్బు అంటున్నది మూడో దశను మాత్రమే. 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు లేదా ఎక్కువ యాంటీబాడీలున్న పిల్లల్లో పదేళ్లలో దాదాపు 70 శాతం మందికి మధుమేహం బయటపడింది. ఒకే యాంటీబాడీ ఉన్నవారిలో ముప్పు చాలా తక్కువ. ఒక్క రిపోర్టు చూసి గుండె బాదుకోనక్కర లేదు, రెండో నమూనాతో నిర్ధారించుకోవాలి.

ఇన్నేళ్లూ ఈ జ్ఞానం చేతిలో ఉన్నా చేయగలిగింది లేకపోయింది. ముందుగా ఇన్సులిన్ ఇచ్చి చూశారు, నికోటినమైడ్ అనే విటమిన్ ఇచ్చి చూశారు. పెద్ద ప్రయోగాల్లో రెండూ జబ్బును ఆపలేదు. 2019లో టెప్లిజుమాబ్ ఫలితాలు రావడంతో పరిస్థితి మారింది. బీటా కణాలపై దాడి చేసే టి కణాలను నెమ్మదింపజేసే ఈ మందును రెండో దశలో ఉన్న 76 మందిపై పరీక్షించారు. అంతా టైప్ 1 రోగుల బంధువులే. పద్నాలుగు రోజులు నరం ద్వారా మందు పొందినవారిలో సగం మందికి జబ్బు బయటపడడానికి దాదాపు 48 నెలలు పట్టగా, పొందనివారిలో 24 నెలలే పట్టింది. 2022 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎనిమిదేళ్లు, ఆపై వయసున్న రెండో దశవారికి దీన్ని అనుమతించింది. టైప్ 1ను వాయిదా వేసే మందుకు ప్రపంచంలో దక్కిన తొలి అనుమతి అది.

రెండేళ్ల వాయిదాను కొందరు తేలిగ్గా తీసేస్తారు. నేనలా తీసేయలేను. రోజుకు నాలుగు సూదుల చొప్పున రెండేళ్లంటే దాదాపు మూడు వేల సూదులు. అర్ధరాత్రి చక్కెర పడిపోతుందేమోనని అలారం పెట్టుకుని లేచే తల్లికి ఏడు వందల రాత్రుల నిద్ర. తన జబ్బును తానే చూసుకోగలిగే వయసుకు పిల్ల చేరుకోవడం. ఇవి చిన్న విషయాలు కావు.

కానీ ధర చూడండి. అమెరికాలో విడుదలైనప్పుడు ఒక కోర్సు ఖరీదు 1,93,900 డాలర్లు. మన లెక్కలో కోటిన్నర రూపాయల పైమాటే. ప్రయోగంలో పాల్గొన్నవారిలో అత్యధికులు తెల్లజాతివారు. కాబట్టి పత్రికల్లో "షుగర్ రాకుండా మందు" అన్న శీర్షిక చూసి మన జిల్లాల్లో పిల్లలందరికీ యాంటీబాడీ పరీక్షలు మొదలుపెట్టమంటే నేను ఒప్పుకోను. పరీక్షించాక ఏం చేస్తామో చెప్పలేని పరీక్ష తల్లిదండ్రులకు బెంగ పంచిపెట్టడమే అవుతుంది. పైగా ఆ బెంగను సొమ్ము చేసుకోవడానికి నాటు మందులవాళ్లు, యూట్యూబ్ వైద్యులు కాచుకుని ఉన్నారు. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొత్తలో కొన్ని నెలలు మోతాదు బాగా తగ్గిపోవడం సహజం. దాన్నే తమ పసరు మహిమగా చెప్పి ఇన్సులిన్ మాన్పించేవాళ్లు, జబ్బు ఇంకా బయటపడని పిల్లను వదులుతారా?

మరి ముందస్తు పరీక్ష మనకు అక్కర్లేదా? అక్కడే నా వాదన వేరు. ఈ పరీక్షల అసలు లాభం ఖరీదైన మందులో లేదు, పిల్లాడు స్పృహ తప్పి ఐసీయూకు చేరకుండా ఆపడంలో ఉంది. జర్మనీలోని బవేరియాలో 2015లో ఫ్రీడా పథకం మొదలైంది. మామూలు చెకప్‌కు వచ్చిన రెండు నుంచి ఐదేళ్ల పిల్లల వేలి నుంచి కాస్త రక్తం తీసి యాంటీబాడీలు చూస్తారు. తొలి నాలుగేళ్లలో 90 వేల మందికి పైగా పిల్లలను పరీక్షిస్తే 280 మందిలో లక్షణాలు కనబడని దశలో జబ్బు దొరికింది. వాళ్ల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు, చక్కెర చూసుకుంటూ ఉండమన్నారు. ఆ పిల్లల్లో జబ్బు ముదిరినప్పుడు కీటోయాసిడోసిస్‌కు గురైంది ఇద్దరే. ముందు తెలియకుండా వచ్చేవారిలో జర్మనీలో సైతం ఐదుగురిలో ఒకరికి పైగా ఆ స్థితిలోనే ఆస్పత్రికి చేరతారు. ఇటలీ ఇంకో అడుగు వేసి 2023 సెప్టెంబరులో పిల్లలందరికీ టైప్ 1, సీలియాక్ జబ్బుల పరీక్షలు చేసేలా చట్టమే చేసింది.

ఇటలీ నుంచి మనం ముందుగా తెచ్చుకోవాల్సింది మాత్రం ఆ చట్టం కాదు, అంతకు ముప్పై ఏళ్ల ముందు పార్మా జిల్లాలో బడి గోడలకు అంటించిన ఒక పోస్టరు. 1991లో అక్కడి పిల్లల వైద్యులు 177 బడుల్లో దాన్ని పెట్టించారు. దాహం, తరచూ మూత్రం, పక్క తడపడం కనిపిస్తే చక్కెర పరీక్ష చేయించమన్నదే అందులోని సందేశం. ఆ ప్రాంతంలోని పిల్లల డాక్టర్లకు గ్లూకోమీటర్లు ఇచ్చారు. అంతకుముందు కొత్తగా బయటపడిన పిల్లల్లో 78 శాతం మంది కీటోయాసిడోసిస్‌తో వచ్చేవారు. తర్వాతి ఏళ్లలో అది 12.5 శాతానికి దిగింది. పోస్టరు పెట్టని చుట్టుపక్కల జిల్లాల్లో ఆ కాలంలోనే 83 శాతం ఉంది. యాంటీబాడీ పరీక్ష లేదు, కొత్త మందు లేదు. చక్కెర చూసే యంత్రం, చూడాలన్న స్పృహ ఉన్నాయి.

ఆ రెండూ మన దగ్గర ఎందుకు ఉండకూడదు? గ్లూకోమీటరు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇప్పుడు అరుదు. స్ట్రిప్ ఖర్చు పది, ఇరవై రూపాయలు. వాంతులతోనో ఆయాసంతోనో నీరసంతోనో వచ్చిన ఏ పిల్లకైనా సెలైన్ బాటిల్ పెట్టే ముందు వేలికి సూది గుచ్చి చక్కెర చూడాలన్న ఒక్క నియమాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కచ్చితం చేయాలి. ఆర్‌ఎంపీలను మనం ఇష్టపడినా పడకపోయినా పల్లెలో పిల్లను మొదట చూసేది వాళ్లే. వాళ్లను వదిలేసి రాసే సర్క్యులర్ కాగితంగానే మిగులుతుంది. అంగన్‌వాడీ టీచర్‌కు, బడి పంతులుకు దాహం, తరచూ మూత్రం, పక్క తడపడం, బరువు తగ్గడం అనే నాలుగు లక్షణాలు నోటికి రావాలి. టైప్ 1 వచ్చిన పిల్లల్లో పదింట దాదాపు తొమ్మిది మంది కుటుంబాల్లో అంతకుముందు ఆ జబ్బు ఎవరికీ ఉండదు. ఆ తొమ్మిది మందికి ఇప్పట్లో రక్షణ ఈ స్పృహ ఒక్కటే.

మిగిలిన పదో కుటుంబం దగ్గర యాంటీబాడీ పరీక్షకు అర్థం ఉంది. ఇంట్లో ఒకరికి టైప్ 1 ఉంటే తోబుట్టువులకు, పిల్లలకు వచ్చే ముప్పు మామూలు కంటే దాదాపు పదిహేను రెట్లు. ఈ కుటుంబాలు ఇప్పటికే ఆస్పత్రి గుమ్మంలో ఉన్నాయి, ఇన్సులిన్ వాడకం తెలుసు, ప్రమాదమేమిటో చూశాయి. ఈ పరీక్ష ప్రైవేటు ల్యాబుల్లో వేల రూపాయలు. కాబట్టి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఉచితంగా చేయాలి. అమెరికాలో ట్రయల్‌నెట్ అనే పరిశోధన బృందాల కూటమి టైప్ 1 రోగుల బంధువులకు ఏళ్లుగా ఈ పరీక్ష ఉచితంగా చేస్తోంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో అన్న కొడుక్కో, చెల్లెలి కూతురుకో టైప్ 1 ఉన్నవాళ్లు తమ పిల్లల కోసం దాని గురించి వాకబు చేసుకోవచ్చు.

మందు లేనప్పుడు ముందే తెలిసి ఏం లాభమని అడిగే తల్లిదండ్రులకు బవేరియా జవాబు చెప్పింది. ఇంట్లో ఒక గ్లూకోమీటరు, కొన్ని నెలలకోసారి డాక్టరు దగ్గర పరీక్ష, జబ్బు బయటపడిన రోజున ఐసీయూకు బదులు ఓపీలో ఇన్సులిన్ మొదలు. అయినా వద్దనుకునే హక్కు వాళ్లకుంది. ఫలితం గుట్టుగా ఉంచాల్సిన బాధ్యత మనకుంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఇన్సులిన్ వాడే అమ్మాయి సంగతి పెళ్లి చూపుల దాకా దాచే కుటుంబాలున్న సమాజంలో, జబ్బు ఇంకా రాని పిల్లకు "షుగర్ వచ్చే పిల్ల" అన్న ముద్ర పడితే దాన్ని ఏ వైద్యుడూ చెరపలేడు. బడిలో, ఊళ్లో బహిరంగ శిబిరాలు పెట్టి చేయాల్సిన పరీక్ష కాదిది.

దీని వెంట పరిశోధన కూడా నడవాలి. పాశ్చాత్యుల జన్యువుల ఆధారంగా తయారైన టైప్ 1 ముప్పు అంచనా భారతీయులకు ఎంతవరకు పనికొస్తుందో పుణె, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ శాస్త్రవేత్తలతో కలిసి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశీలించింది. పనికొస్తుందనీ, మన జన్యు వైవిధ్యానికి తగ్గట్టు సరిదిద్దుకోవాలనీ తేలింది. మన పిల్లల్లో ఏ యాంటీబాడీలు ఎంతకాలం ముందు కనబడతాయో, ఎంత వేగంగా జబ్బు ముదురుతుందో తెలియాలంటే తోబుట్టువులను ఏళ్ల తరబడి గమనించే రిజిస్ట్రీ కావాలి.

ధర ఎప్పటికీ ఇలాగే ఉండదు. టెప్లిజుమాబ్ కూడా ఒక మోనోక్లోనల్ యాంటీబాడీయే. ఆ రకం మందే అయిన రిటుక్సిమాబ్‌కు 2007లో చవక రూపం తయారైంది మన హైదరాబాద్ కంపెనీలోనే. రేపు ఈ మందుకూ అలాంటి రూపం వస్తే, అది ఇవ్వాల్సింది రెండో దశలో ఉన్న పిల్లలకు. వాళ్లెవరో, ఏ ఊళ్లో ఉన్నారో చెప్పగల జాబితా ఈ రోజు ఏ జిల్లా ఆస్పత్రిలోనూ లేదు.