తవ్వేదేమీ లేదు బాబాయ్, గవ్వలు వెయ్యడమే!

"ఏరా, ఈ బిట్‌కాయిన్ మైనింగ్ అనేది నిజంగా ఉందా, ఉత్తదేనా?" అని మా బాబాయ్ ఫోన్ చేసి అడిగాడు. రెండేళ్ళ కిందటి మాట. నేనప్పుడు ఏదో రిలీజు హడావిడిలో ఉన్నా. "ఎందుకు లేదు బాబాయ్, ఉంది. కంప్యూటర్లు పెద్ద పెద్ద లెక్కలు చేస్తాయి, చేసినందుకు కాయిన్లు వస్తాయి" అని చెప్పి పెట్టేశా. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు.

బాబాయ్ ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. ఎవరో తెలిసినాయన ఆయన ఫోన్లో ఒక మైనింగ్ యాప్ వేసిచ్చాడట. లక్ష పెడితే రోజుకి వెయ్యి. నా మాట విన్నాక ధైర్యం చేసి ముందు పాతికవేలు పెట్టాడు. అంకెలు పెరుగుతున్నట్టు కనబడేసరికి ఇంకొంచెం, ఇంకొంచెం, చివరికి మూడు లక్షలు. అంతటితో ఆగాడా, "మావాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు, వాడే చెప్పాడు" అని ఇద్దరు స్నేహితుల చేత కూడా పెట్టించాడు. తీరా డబ్బు వెనక్కి తీసుకుందామంటే "ముందు 30 శాతం పన్ను మాకు కట్టండి, అప్పుడు విడుదల చేస్తాం" అన్నారు. కొన్నాళ్ళకి ఆ యాప్ తెరుచుకోవడమే మానేసింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు చూడండి. నన్ను తినేస్తున్నది అదే. పదిహేనేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నా, మైనింగ్ గురించి నాకు తెలిసిందల్లా ఎక్కడో చదివిన ఒక్క వాక్యం: "సంక్లిష్టమైన గణిత సమస్యలను కంప్యూటర్లు పరిష్కరిస్తాయి". ఆ తర్వాత సిగ్గుపడి, ఓనమాల దగ్గర్నుంచీ కూచుని నేర్చుకున్నా. నేర్చుకున్నాక తెలిసిందేమిటంటే, మైనింగ్ పేరుతో జరిగే మోసాలన్నిటికీ పెట్టుబడి ఆ వాక్యమే. ఎలాగో చెప్తాను.

ముందు అసలు సమస్య చూద్దాం. బ్యాంకులో మన ఖాతా పుస్తకం బ్యాంకు దగ్గరుంటుంది, వాళ్ళు రాసిందే లెక్క. బిట్‌కాయిన్‌కి బ్యాంకు లేదు. వేలాది కంప్యూటర్ల దగ్గర (వీటిని నోడ్లంటారు) ఒకే ఖాతా పుస్తకం నకళ్ళుంటాయి. ఎవరైనా డబ్బు పంపితే ఆ లావాదేవీ డిజిటల్ సంతకంతో నెట్‌వర్కులోకి వస్తుంది. ప్రతి నోడూ సంతకం సరైనదేనా, ఆ డబ్బు ఇంతకుముందే ఖర్చయిపోయిందా అని చూసుకుని పక్క నోడుకి అందిస్తుంది. ఇంతవరకూ మనలాంటివాళ్ళకి బాగానే ఎక్కుతుంది. చిక్కెక్కడంటే, ఒకే డబ్బుని రెండు చోట్ల ఖర్చు పెడుతూ ఎవడో రెండు లావాదేవీలు ఒకేసారి వదిలాడనుకోండి, ఏది ముందు? ఎవరో ఒకరు తేల్చాలి కదా. ఓటింగ్ పెడదామంటే, ఇంటర్నెట్టులో ఒక్కడే పదివేల పేర్లతో వచ్చి ఓటేస్తాడు.

సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వచ్చిన పేపరు ఈ ముడిని విప్పింది. ఓటుకి బదులు లాటరీ. పుస్తకంలో తర్వాతి పేజీ (బ్లాకు) రాసే హక్కు ఎవరికి తగులుతుందో లాటరీ తేలుస్తుంది. టిక్కెట్టు కావాలంటే మాత్రం కరెంటు కాల్చాలి. పదివేల దొంగపేర్లు పెట్టుకున్నా కరెంటు బిల్లు తగ్గదు కాబట్టి పేర్ల వల్ల లాభం లేదు. ఈ ఆలోచనకి మూలం కూడా మనకి పరిచయమున్న చోటే ఉంది. స్పామ్ మెయిళ్ళు పంపేవాడి చేత ప్రతి మెయిలుకీ కాస్త కంప్యూటర్ పని చేయించాలని ఆడమ్ బ్యాక్ 1997లోనే హాష్‌క్యాష్ అని ఒకటి తయారుచేశాడు.

మరి ఆ లాటరీ ఎలా తీస్తారు? నాకు బాగా అర్థమైన పోలిక మన గవ్వలాట. పది గవ్వలు వెయ్యండి, పదీ వెల్లకిలా పడాలి. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే సగటున 1,024 సార్లకి ఒకసారి అలా పడుతుంది. ఇందులో తెలివితేటలకి పనిలేదు. ఇప్పటికి వెయ్యిసార్లు వేశాను కదా, ఇక పడాలి అనడానికీ లేదు. పడ్డాక మాత్రం ఎవరైనా ఒక్క చూపులో సరిచూసుకోవచ్చు. పదకొండో గవ్వ కలిపితే కష్టం రెట్టింపవుతుంది.

బిట్‌కాయిన్లో జరిగేది అచ్చంగా ఇదే. బ్లాకుకి 80 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో కిందటి బ్లాకు హాష్, ఈ బ్లాకులోని లావాదేవీలన్నిటి సారాంశం, సమయం, నాన్స్ అనే ఒక సంఖ్య, ఇలాంటివి ఉంటాయి. దాన్ని షా-256లో రెండుసార్లు తిప్పితే ఒక సంఖ్య వస్తుంది. అది నిర్ణయించిన లక్ష్యం కంటే చిన్నదైతే గెలిచినట్టు. కాకపోతే నాన్స్ మార్చి మళ్ళీ వెయ్యి. మళ్ళీ వెయ్యి. అంతేనండీ! ఇందులో పరిష్కరించే సమస్యా లేదు, తవ్వే గనీ లేదు.

నమ్మకం కుదరకపోతే పైథాన్లో ఇరవై లైన్లు రాసి చూడండి, నేనూ అదే చేశా. మీ పేరు పక్కన ఒక అంకె పెట్టి, హాష్ మొదట్లో నాలుగు సున్నాలు వచ్చేదాకా అంకె పెంచుకుంటూ పోవడం. సగటున 65,536 ప్రయత్నాలు, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ప్రతి అదనపు సున్నాకీ పని పదహారు రెట్లవుతుంది. ఆరో సున్నా దగ్గర నా లాప్‌టాప్ ఫ్యాను తిరగడం మొదలెట్టింది. ఏడో సున్నాకి నేను లేచి టీ పెట్టుకొచ్చా :) 2024లో నిజమైన బ్లాకులకి వచ్చిన సున్నాలు పంతొమ్మిది, ఆపైన.

ఇంకో తమాషా ఉంది. గవ్వలు వేసేవాళ్ళు పెరిగితే గెలుపులు తొందరగా వచ్చేస్తాయి కదా? అందుకని ప్రతి 2,016 బ్లాకులకోసారి, అంటే దాదాపు రెండు వారాలకోసారి, సగటున పది నిమిషాలకి ఒక బ్లాకు వచ్చేలా నెట్‌వర్కే కష్టాన్ని సరిచేసుకుంటుంది. 2021లో చైనా మైనింగ్‌ని తరిమేసినప్పుడు ప్రపంచంలో ఉన్న మైనింగ్ శక్తిలో దాదాపు సగం ఆగిపోయింది. కొన్నాళ్ళు బ్లాకులు నెమ్మదించాయి, జులైలో కష్టం 28 శాతం దాకా తగ్గింది, బండి మళ్ళీ దారిలో పడింది. ఇంజనీరుగా ఈ పనితనానికి ముచ్చటేసింది, ఒప్పుకోవాలి.

సరే, అసలు విషయానికొస్తా. గెలిచినవాడికి వచ్చే బహుమతి 2009లో 50 బిట్‌కాయిన్లు. ప్రతి 2,10,000 బ్లాకులకీ సగమవుతూ 2024 ఏప్రిల్‌కి 3.125 అయింది. రోజుకి సుమారు 144 బ్లాకులు, అంటే కొత్తగా పుట్టేవి 450 బిట్‌కాయిన్లు. లావాదేవీల రుసుము కొద్దిగా కలుస్తుంది. ప్రపంచం మొత్తమ్మీద వేసేవాళ్ళు పదిమందైనా, పది లక్షల మందైనా రోజుకి పంచుకునేది ఇంతే.

ఇప్పుడు బాబాయ్ యాప్ దగ్గరకి రండి. "లెక్కలు చేస్తే డబ్బొస్తుంది" అని చెప్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పని చేశాడు, కూలి ఇచ్చారు. రోజూ చేస్తే రోజూ కూలి. లక్షకి రోజుకి వెయ్యి అంటే కాస్త ఎక్కువేమో గానీ అసంభవం అనిపించదు. అదే "లాటరీ" అని చెప్పి ఉంటే? లాటరీలో రోజుకి ఒక శాతం గ్యారంటీ ఏమిట్రా అని ఆయనే అడిగేవాడు. నలుగురూ కలిసి టిక్కెట్లు కొని, తగిలింది పంచుకునే పద్ధతి (పూల్ అంటారు) ఉన్నమాట నిజమే. ఆదాయంలో ఎగుడుదిగుళ్ళు దాంతో తగ్గుతాయి గానీ, పంచుకునే 450 పెరగవు.

పైగా ఆ యాప్‌లో ఇంకొకర్ని చేర్పిస్తే బోనసట. నిజంగా గవ్వలు వేసుకునేవాడెవడైనా పక్కింటాయన్ని పిలుచుకొస్తాడా చెప్పండి? ఇంకొకడు వస్తే తన వాటా తగ్గుతుంది. ఈ ఒక్క ముక్క చాలు.

కొంచెం లెక్క కూడా వేద్దాం. 2024 మధ్యలో నెట్‌వర్కు మొత్తం శక్తి సెకనుకి దాదాపు 600 ఎక్సాహాష్‌లు, అంటే 6 పక్కన 20 సున్నాలు. తర్వాత ఇంకా పెరిగింది. ఒక ఫోను సెకనుకి కోటి హాష్‌లు చేస్తుందని ఉదారంగానే వేసుకుందాం. ఒక్క బ్లాకు తగలడానికి సగటున 114 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పోనీ దీనికోసమే తయారైన యంత్రం కొన్నామనుకోండి. సెకనుకి 100 టెరాహాష్‌లు, 3,250 వాట్లు. మన వాటా 60 లక్షల్లో ఒక వంతు, అంటే రోజుకి 0.000075 బిట్‌కాయిన్. ధర 80 లక్షలనుకున్నా 600 రూపాయలు. కరెంటు రోజుకి 78 యూనిట్లు, యూనిట్ 8 రూపాయల చొప్పున 624. రోజుకి 24 రూపాయల నష్టం, యంత్రం ఖరీదు వేరే. మన దేశంలో 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, మైనింగ్ యంత్రాల ఖర్చు అందులో మినహాయించుకోవడానికి కూడా లేదు. ఆ పన్నైనా మనం ఆదాయపు పన్ను శాఖకి కట్టేది, యాప్ వాడికి కాదు. చాలా చవకగా కరెంటు దొరికేవాళ్ళు, కొత్తరకం యంత్రాలున్నవాళ్ళు ఇందులో సంపాదిస్తున్నారు, కాదనను. వాళ్ళకి మా బాబాయ్ మూడు లక్షలతో పనేముంది?

ఇంకో నాణెం సంగతి. ఎథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌నే వదిలేసి వేరే పద్ధతికి మారిపోయింది. ఇప్పటికీ ఎవరైనా "ఎథీరియం మైనింగ్ ప్లాన్" అమ్ముతుంటే వినకుండా లేచి వచ్చేయొచ్చు.

ఇవేవీ కొత్త మోసాలు కావు. మన దేశంలోనే 2015లో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్, క్లౌడ్ మైనింగ్ పేరు చెప్పి 18 నెలలపాటు నెలకి 10 శాతం ఇస్తామంది. కొత్తవాళ్ళు తగ్గేసరికి 2017లో బిట్‌కాయిన్‌కి బదులు ఎమ్‌క్యాప్ అనే సొంత నాణెం అంటగట్టారని సీబీఐ చెప్పింది. 2025 ఫిబ్రవరిలో కూడా ఆ కేసులో 60కి పైగా చోట్ల సోదాలు జరిగాయి. అమెరికాలో 2019 డిసెంబరులో కేసు పడ్డ బిట్‌క్లబ్ నెట్‌వర్క్‌ది 72 కోట్ల డాలర్ల పైమాట. దాని ప్రోగ్రామరు 2020లో నేరం ఒప్పుకున్నాడు. తెరమీద కనబడే మైనింగ్ అంకెల్ని పెంచి చూపించడం అతని పనుల్లో ఒకటి. ఆ వార్త చదివినప్పుడు కాసేపు ఏమీ తోచలేదు. బాబాయ్ రోజూ పొద్దున్నే చూసుకుని మురిసిపోయిన అంకె కూడా, ఎవడో మనలాంటివాడు డేటాబేసులో ఒక కాలమ్‌ని రోజుకి ఒక శాతం పెంచుతూ రాసిన జాబ్ అయ్యుంటుంది.

"క్రిప్టో అంతా మోసం, దాని జోలికి పోకండి అని చెప్తే సరిపోదా?" అంటారేమో. ఆ మాట బాబాయ్‌కి వాళ్ళబ్బాయి చెప్పాడు. "నీకు తెలీదులేరా, అందరూ సంపాదిస్తున్నారు" అని కొట్టిపారేశాడు. కారణం చెప్పని హెచ్చరికని ఎవరూ వినరు. బిట్‌కాయిన్ మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోవట్లేదు. మనవాళ్ళు మనల్ని అడిగేది అది కాదు, "ఇది నిజమేనా" అని. సాఫ్ట్‌వేరు వాడు కదా అని, వీడికి తెలిసే ఉంటుందని అడుగుతారు. బ్యాంకు సర్వర్లు రాసేవాడైనా, బట్టల కొట్టుకి వెబ్‌సైటు చేసేవాడైనా వాళ్ళకి ఒకటే. ఆ నమ్మకం మనం సంపాదించుకున్నది కాదు, ఊరికే వచ్చింది. అందుకే దాన్ని ఊరికే వాడేస్తున్నామేమో అని నా అనుమానం. ఒక వారాంతం, ఇరవై లైన్ల పైథాన్, ఒక గుణకారం. నాకు పట్టింది అంతే. ముందే చేసి ఉంటే ఆ ఫోన్లో "రోజుకి ఎంతిస్తామంటున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. ఇంతవరకూ చిల్లిగవ్వ వెనక్కి రాలేదు. ఆ ఇద్దరు స్నేహితుల్లో ఒకాయన బాబాయ్‌తో మాట్లాడటం మానేశాడు.

మొన్న బాబాయే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏరా, ఈ ఏఐ ట్రేడింగ్ అంట, వాట్సాప్‌లో పంపారు. నిజమేనా?" అని. "నాకు తెలీదు బాబాయ్. రెండ్రోజులు టైమివ్వు, చూసి చెప్తా. అప్పటిదాకా రూపాయి కూడా పంపకు" అన్నా. "నీకు తెలీకపోవడమేంట్రా?" అని ఆశ్చర్యపోయాడు.